ఎల్లాజీ కాలు

కుడి మణికట్టు విరిగి
పెద్దాసుపత్రి ఎముకల వార్డులో పదకొండు రోజులున్నాను.
కిటికీలోంచి డాల్ఫిన్ కొండ భుజం కనిపించేది,
రేవులోకి పిలుపు కోసం ఆగిన ఓడలు రెండు.
ఉప్పుగాలికి మంచం ఇనుము రాలుతూ ఉండేది,
తెల్లారేసరికి దుప్పటి నిండా తుప్పు.

నేను యూనివర్సిటీలో పాఠం చెప్పే మనిషిని.
ఇరవై రెండేళ్ళుగా ఒకటే పాఠం:
ఏథెన్స్ సభల్లో మాట ఎలా గెలిచేదీ,
గెలిచిన మాటంతా నిజమేనా అనీ.

పక్క మంచం తెడ్డు ఎల్లాజీది.
ఇంటిపేరులోనే తెడ్డున్న మనిషి.
షుగరు పాదాన్ని నల్లగా కొరుక్కుంటూ మడమ దాటింది.

సర్జన్ గారు మంచివాడు,
తొందరలో ఉన్న మంచివాడు.
"మోకాలి కింద తీసేస్తే నూటికి ఎనభై మంది బతుకుతారు.
తీయకపోతే వారం."
ఒక్క అంకె కూడా అబద్ధం కాదు.
ఎల్లాజీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.
"కాలు నేనోడు పడవెలా ఎక్కుతాడు బావూ,
ఈ కాలుతోటే ఎల్లిపోతాను, ఒగ్గీయండి."

నేనూ ఒక చెయ్యి వేశాను, విరగని చెయ్యి.
ప్రాణం అన్నిటికన్నా ఎక్కువ,
కాలు ప్రాణం కాదు,
కాబట్టి...
కాబట్టి దగ్గరే ఆయన గురక మొదలైంది.

ఆ రాత్రి డ్యూటీ నూకరత్నానిది.
బెడ్‌పాన్లు కడిగొచ్చి
చేతులు చీరకి తుడుచుకుని
ఆయన మొహం కన్నా కిందుగా, నేల మీద కూర్చుంది.
చాలాసేపు కాలు మాటే ఎత్తలేదు.
ఈ ఏడు కోనాం ఎప్పుడు తగిలిందని అడిగింది,
జాలారిపేటలో కొత్త వల ఎంతకొస్తోందని.
తర్వాత ఎప్పుడో అంది:
"మా ఇంటాయనకీ తీసీసినారు. ఇదే వార్డు, ఇదే కాలు.
ఇప్పుడు సూడు, రేవు కాడ కూకుని వలలల్లుతన్నాడు,
నా మీద కేకలేస్తన్నాడు.
కేకలు కాలుతో ఏస్తారేటి, నోటితో గదా!"

ఎల్లాజీ నవ్వాడు.
నవ్వు ఆరకముందే "ఏదీ ఆ కాయితం" అన్నాడు.

నిద్ర పట్టలేదు నాకు.
సిసిలీ నుంచి వచ్చిన మాటకారి ఒకాయన
వైద్యుడైన అన్నదమ్ముడి వెంట రోగుల ఇళ్ళకి వెళ్ళేవాడట.
మందు మింగనని మొండికేసిన వాళ్ళు
అతని మాట మింగి, వెనకే మందూ మింగేవారట.
ఇది మరొకాయనకి నచ్చలేదు.
పిల్లల పంచాయతీలో
వైద్యుడూ మిఠాయివాడూ పక్కపక్కన నిలబడితే
వైద్యుడు ఆకలితో చస్తాడన్నాడు.
మాడుగుల హల్వా పొట్లం ముందు
కషాయం గిన్నె ఎంతసేపు నిలబడుతుంది?
నిజమే, ఏటా క్లాసులో చెప్తాను.
కానీ హల్వాలో మందు కలిపిన మనిషి గురించి
నా నోట్సులో ఒక్క ముక్క లేదు.

రెండు రోజుల తర్వాత
గాజువాక కుర్రాడొకణ్ణి తెచ్చారు, మిషన్లో చెయ్యి నలిగి.
నూకరత్నం నేల మీద కూర్చుంది.
"మా తమ్ముడికీ ఇదే చెయ్యి బావూ..."

తెల్లవారుజామున అడిగాను,
"మీ ఆయన ఏ రేవులో వలలల్లుతాడు?"
తుడుపుగుడ్డ పిండుతూనే చెప్పింది:
"ఆయన పోయి తొమ్మిదేళ్ళు మాస్టారూ.
కాలు ఇయ్యనన్నాడు.
ఆయనకి మాత్రం నేను నిజమే సెప్పినాను,
డాట్రుగారు సెప్పింది సెప్పినట్టు
అంకెల్తో సహా."
బకెట్ ఎత్తుకుని పక్క వరుసకి పోయింది.
తడి నేల మీద ట్యూబులైటు వణికింది.

మొన్న చేపల రేవులో ఎల్లాజీ కనబడ్డాడు.
తిరగేసిన తెప్ప మీద కూర్చుని వల అల్లుతున్నాడు,
చంకకర్ర పక్కన పెట్టుకుని
ఐసు బండివాడి మీద కేకలేస్తున్నాడు.
నన్ను చూసి చెయ్యూపాడు.
"మాస్టారూ, ఆ రత్నమ్మ మొగుడు ఇక్కడే అల్లుతాడంది గదా,
ఆర్నెల్లుగా ఎతుకుతన్నాను.
ఒక్కసారి కూకుని మాటాడాలని.
మీరేటైనా సూసినారా?"

వేలంపాట జోరుగా సాగుతోంది,
కాకులు, పీతలు, డీజిలు వాసన.
ఇరవై రెండేళ్ళ పాఠం గొంతులో అడ్డం తిరిగింది.

వంగి, ఆయన మొహం కన్నా కిందుగా
తడి ఇసుకలో కూర్చున్నాను.
"పొద్దున్నే వచ్చి వెళ్ళుంటాడు ఎల్లాజీ" అన్నాను.
"ఈసారి కోనాం ఎప్పుడు తగిలింది?"