జాబితాలో నలభై ఒకటోది

ఐస్‌లాండ్ తన సముద్రానికి తలుపేసుకున్నాక
గ్రిమ్స్‌బీ రేవులో పడవలు తుప్పుకి మిగిలాయి.
మా నాన్న విల్ఫ్ బ్లాంచర్డ్
వలలమ్మి క్యాసెట్లు కొన్నాడు.
చేపల కొట్టు పక్కన అద్దె గది,
రాత్రికి ఒక పౌను, వాన పడితే గిరాకీ.
ఉప్పు కొరికిన వేళ్లతో టేపు వెనక్కి తిప్పేవాడు
తాడు చుట్ట చుట్టినంత శ్రద్ధగా.

అది ఎనభై నాలుగు.
పేపర్లు రోజూ దడిపిస్తున్నాయి:
థియేటరుకైతే గేటుంది, గేటుకో మనిషున్నాడు,
ముందు గదిలో సోఫాకి కాపలా ఎవరని.
ఉత్త భయమని నేననను.
తమ్ముడు ఒకటి దొంగచాటుగా చూసి
వారం రోజులు మెట్ల దగ్గర లైటు ఆర్పనివ్వలేదు.
నాన్న వాణ్ణి కొట్టలేదు.
ఆ టేపుని పై అరకి ఎక్కించాడు,
నిచ్చెన వేస్తే తప్ప తనకే అందనంత పైకి.
మా కొట్టుకి సెన్సారు బోర్డు
ఆ నిచ్చెనే.

మిసెస్ టాస్కర్ సంతకాల కాగితం పట్టుకొచ్చింది.
"పిల్లలున్న ఊరు కదా, విల్ఫ్."
నాన్న చివరిదాకా చదివి సంతకం పెట్టాడు.
పెట్టి, ఆవిడ చెప్పి ఉంచిన కుస్తీల టేపు
కాగితం సంచిలో చుట్టి ఇచ్చాడు.

మంగళవారం పొద్దున్నే పోలీసులు.
ఏది తప్పో వాళ్లకీ సరిగ్గా తెలీదు,
లండను జాబితా నెలకోలా ఉంటోందట.
అట్ట మీద బొమ్మ చూసి తీశారు.
ఎర్రక్షరాలుంటే సంచిలోకి,
పళ్లు కనిపిస్తే సంచిలోకి.
దంతవైద్యుడి ప్రేమకథ ఒకటి
అలాగే పోయింది పాపం.
మొత్తం అరవై మూడు.

కానిస్టేబుల్ లీనింగ్ స్టేషన్లో తెరలు దించుకుని
పదకొండు రోజులు చూశాడు,
చల్లారిన టీ తాగుతూ, కార్బన్ పెట్టి రాస్తూ.
కోర్టు వరండాలో ఆ ప్రతి మా చేతికిచ్చారు.

నలభై ఒకటి:
"పేరు లేదు. కథ లేదు.
స్త్రీ, వయసు సుమారు నలభై. చేతిలో కత్తి.
ఏప్రన్‌పై రక్తపు మరకలు.
కెమెరా వైపు చూసి నవ్వుచున్నది.
నిడివి ఆరు నిమిషాలు."

మా అమ్మ.

చేపల షెడ్డు మూతపడే రోజున
క్లెమ్ మామయ్య అరువు కెమెరాతో తీశాడు.
హ్యాడక్ పొట్ట ఒక్క గీతలో చీల్చి
"ఇటు తిప్పకురా, నా జుట్టు చూడు" అంటుంది.
ఆ చలికాలం దాటలేదు.
వేరే డబ్బా లేక
నాన్న దాన్ని ఓ గొడ్డలి బొమ్మ డబ్బాలో పెట్టి
ఎవరూ అడగరని పై అరలో దాచాడు.

"చెప్పుకునేదేమైనా ఉందా?" అన్నాడు మేజిస్ట్రేటు.
నాన్న టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు.
"నలభై ఒకటి... ఆవిడ నా భార్య."
వెనక బెంచీలో ఎవరో "దేవుడా" అన్నారు.
మిసెస్ టాస్కర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.
వాళ్లేమనుకున్నారో
నాన్నకి ఇంటికొచ్చేదాకా అర్థం కాలేదు.
అరవై మూడింటికీ ఒకటే ఉత్తర్వు.
ప్లాస్టిక్ కాలిన వాసన రేవు దాకా వచ్చిందంటారు,
నాకు చేపల వాసనే గుర్తు.

ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.
అక్షరాలు నీలంగా అలుక్కుపోయాయి.
"నవ్వుచున్నది" దగ్గర మాత్రం
పెన్ను గట్టిగా ఆనింది:
రాసి, కొట్టేసి,
పైన మళ్లీ రాసినట్టు.