పలకని అక్షరం

గ్రేమౌత్‌లో ఒక గాలికి క్షురకుడని పేరు.
తెల్లవారుజామున లోయలోంచి నది వెంట దిగి
కోర్టు మెట్ల మీద నిలబడ్డవాళ్ల చెంపలు గీసి పోతుంది.
దాని మీద ఎవరూ కేసు పెట్టలేదు.
దానికి ఉద్దేశం లేదు.

నేను ఆ కోర్టులో టైపిస్టును.
అన్నవి అన్నట్టు ఎక్కించడం నా ఉద్యోగం.
తప్పులు దిద్దకూడదు,
బూతుకి చుక్కలు పెట్టకూడదు.

ఆరు వందల నలభై మూడు సందేశాలు.
ఫోన్లో ఉన్నప్పుడు వాటికి బరువు లేదు.
అచ్చు తీస్తుంటే ప్రింటర్ రెండుసార్లు సిరా అడిగింది.
ఫైలు మోయడానికి
నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

నైరీ పరాటెనె, నలభై ఒకటి.
వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది,
శనివారాలు నెట్‌బాల్ రిఫరీ.
జూన్‌లో ఒక ఆటలో
గార్త్ హాస్కిన్ కూతురి కాలు గీత దాటిందని ఈల వేసింది.
అంతే.
ఒక్క గోలు తేడాతో ఓడింది ఆ జట్టు.
పిల్ల మర్నాటికి మరిచిపోయిందట.

నాన్న మరవలేదు.

"కోపంలో నోరు జారాడు" అంది అతని లాయరు.
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు.
ఇక్కడ జారింది నోరు కాదు.
రాత్రి రెండూ పదికి, రెండూ పన్నెండుకి, రెండూ పదమూడుకి,
పదకొండు వారాల పాటు
నిద్ర లేచి మరీ జారడాన్ని ఏమంటారో
నాకు తెలియదు.

చట్టం మూడు అడుగుతుంది.
బాధ పెట్టాలనే పంపాడా.
ఆమె స్థానంలో మామూలు మనిషి ఉంటే బాధపడేదా.
ఆమె నిజంగా పడిందా.

మొదటిదానికి గడియారం సాక్ష్యం చెప్పింది.
రెండోదాని దగ్గర లాయరు చాలాసేపు ఆగింది:
"మీరు రిఫరీ కదా. తిట్లు మీకు అలవాటే కదా.
తోలు మందమే కదా."
మూడు కదాలు. మూడూ ఎక్కించాను.

నైరీ నీళ్లు తాగింది.
"అక్కడ నేల మీద గీతలుంటాయండీ.
ఆఖరి ఈల వేస్తే ఆట అయిపోతుంది.
తిట్టినవాళ్లు ఎవరిళ్లకి వాళ్లు పోతారు.
ఇతను మా ఇంటికి వచ్చాడు,
రాకుండానే."

మూడోదానికి ఆమె దగ్గర పెద్దగా ఏమీ లేదు.
ఫోన్ని పిండి డబ్బాలో పెట్టి మూత బిగించానంది.
అయినా వినబడేదంది,
పిండిలో పురుగు మెసిలినట్టు.
ఒక సోమవారం బస్సు ఇంజను వణుకు
సీట్లోంచి వెన్నులోకి పాకితే
ఫోనే అనుకుని
రాపహో మలుపు దగ్గర బండి ఆపేశానంది.
వెనక పందొమ్మిది మంది పిల్లలు.
"మిస్, వచ్చేశామా?" అని అడిగారట ఎవరో.

అక్కడ జడ్జి కలం కింద పెట్టారు.
కలం కింద పెట్టడాన్ని ఎక్కించే పద్ధతి లేదు.

ఆ సాయంత్రం రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.
అతని బొటనవేళ్ల తరవాత
ఆ మాటలు నా పది వేళ్లలోంచీ నడిచాయి మరి.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే
ఒకటే అంది:
"నా పేరు తప్పు రాశాడు. ప్రతిసారీ.
ఎన్ తరవాత జీ ఉంటుంది.
పలకం. కానీ ఉంటుంది.
మా అమ్మమ్మ పెట్టిన పేరు.
ఆ కాగితాల్లో దిద్దుతారా?"

సాక్ష్యాన్ని దిద్దకూడదని
జడ్జి మెల్లగా, ఎంతో మర్యాదగా చెప్పారు.
రెండు వందల ఆరు చోట్ల
ఆమె ఒక అక్షరం తక్కువగానే ఉండిపోయింది.

తీర్పు గురువారం వచ్చింది. దోషి.
శిక్ష ఎంతో వచ్చే నెల తేలుస్తారు.
గార్త్ తన బూట్లకేసి చూసుకున్నాడు.
నైరీ అప్పటికి వెళ్లిపోయింది,
మూడింటికి బడి వదిలే వేళ.

ఫైలు అట్ట సాక్ష్యం కాదు.
దాని మీద పేరు రాసేది నేను.
నల్ల మార్కర్‌తో రాశాను,
ఎన్ తరవాత
పలకని ఆ ఒక్కదాన్నీ
కొంచెం గట్టిగా నొక్కి.