తలల లెక్క

గ్రజీనా గారి గొడుగు పసుపు.
ఒక ఊచ విరిగి, వాన లేనప్పుడు కూడా
ఒక పక్కకి తల వాల్చుకునే ఉంటుంది.
ఈ వార్సాలో దాని వెనక నడిచినవాళ్ళని
వరసగా నిలబెడితే
విస్తులా నది దాటి అవతలి ఒడ్డున
ట్రాములు ఆపేయాల్సి వస్తుంది.

నేను అందరికన్నా వెనక నడుస్తాను.
తలలు లెక్కపెట్టడం నా పని.
బయల్దేరినప్పుడు పదిహేడు.
పని నేర్చుకునే పిల్లకి మైకు ఇవ్వరు,
మడత కుర్చీ ఇస్తారు,
ఆవిడ మోకాలు మొరాయిస్తే వెయ్యడానికి.

"ఈ పాత పట్నం," అంటుందావిడ అంగడి చౌకులో,
రాతి మత్స్యకన్య కత్తి కింద నిలబడి,
"నాకంటే నాలుగేళ్ళు చిన్నది."
అందరూ నవ్వుతారు.
నవ్వడానికని వదిలిన జాగా అది.
నా పుస్తకంలో రాసుకున్నాను: ఇక్కడ ఆగాలి.

ఆ తర్వాతే చెబుతుంది,
యుద్ధం అయ్యేసరికి ఇక్కడ
నిలువు గోడ కనబడటమే అబ్బురమని,
పాత చిత్రపటాలు ముందేసుకుని
కిటికీ పక్కన కిటికీ పేర్చుకుంటూ వచ్చారని,
ఇటుకలు చాలక
ఇంకెక్కడో కూలిన ఊళ్ళని
రైలు పెట్టెల్లో తెప్పించారని.

"అయితే ఇది దొంగదా?" ఒక పిల్లాడు.
వాళ్ళమ్మ వాడి భుజం గిల్లింది.
"నీ పాలపళ్ళు ఎన్ని ఊడాయి?"
"నాలుగు."
"తర్వాత వచ్చినవి దొంగవా?"
ఈ జవాబు కూడా పాతదే.
ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా
ఎవడో ఒకడు అడుగుతూనే ఉన్నాడు.

మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది.
"మీ మధ్యయుగాన్ని కాస్త మెల్లగా చెప్పుకోండి తల్లీ,
పాపాయి ఇప్పుడే పడుకుంది."

ఆవిడకి ఆ రోజు ఆఖరి నడక.
ఎవరితోనూ అనలేదు, నాతో కూడా.
సందు మలుపులో చెత్తడబ్బాల దగ్గర,
మా దారిపటంలో లేని చోట, ఆగింది.
కుర్చీ వేశాను. కూర్చోలేదు.
గొడుగు మూసింది.

"మా నాన్న ఇక్కడ తాపీ పని చేశాడు.
పొద్దుగూకి వచ్చేసరికి
ఆయన కన్నా ముందు సున్నం వాసన
ఇంట్లో అడుగు పెట్టేది.
ఓసారి ఒక ఇటుక తెచ్చాడు,
దాని మీద జర్మన్ అక్షరాలు.
చాలాకాలం మా వంటింటి తలుపుకి అదే అడ్డు.

"మా అమ్మ పుట్టింది ఈ సందులోనే.
అంతా కట్టాక చూద్దువుగాని రమ్మంటే రాలేదు.
'మీరు కట్టింది మా వీధి కాదు,
మా వీధి పోలిక' అంది.
ఉప్పు ధర గురించి, మా చదువుల గురించి
బోలెడు మాట్లాడుకునేవారు ఇద్దరూ.
ఈ ఒక్కదాని గురించి మాత్రం ఎప్పుడూ లేదు.

"నాన్న పోయిన ఏడాది
తనే కోటు తొడుక్కుని వచ్చింది.
ఇదిగో, ఈ తలుపు ముందు నిలబడింది.
'గడియ ఎడమ వైపుండేది' అంది.
మళ్ళీ ట్రామెక్కింది."

నవ్వడానికి జాగా లేదిక్కడ,
నిట్టూర్చడానికీ వదల్లేదు ఆవిడ.
ఒకాయన తలుపుని ఫోటో తీశాడు,
తీశాక ఎందుకు తీశానా అన్నట్టు చూసుకున్నాడు.

నేను తలలు లెక్కపెట్టాను.
పంతొమ్మిది.
మళ్ళీ పెట్టాను, పంతొమ్మిదే.
రొట్టెల బండి అతను, బండి అలాగే పట్టుకుని;
చెత్త పారెయ్యడానికి దిగిన మూడో అంతస్తావిడ,
చంకలో పాపాయి.
పాపాయిని లెక్కలోకి తీసుకోవాలో వద్దో
ఎవరూ నేర్పలేదు నాకు.

మర్నాడు గొడుగు నా చేతికి వచ్చింది.
చౌకులో ఆ మాట అనబోయి మింగేశాను:
ఈ ఊరు నాకంటే చిన్నది కాదు కదా.
పిల్లాడెవడూ ఏమీ అడగలేదు.
సందు మలుపు దగ్గర మాత్రం
నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"ఇక్కడేముంది?" అన్నారెవరో.

"ఏం లేదు," అన్నాను, "చెత్తడబ్బాలు."
అని, కదల్లేదు.
వెనక లెక్కపెట్టేవాళ్ళు లేరు,
ఎంతమందిమి ఆగామో తెలీదు.
గడియ కుడి వైపే ఉంది.
చూసుకున్నాను.