ఏ పచ్చ?

మే నెలల వరంగల్‌ల
స్లైడ్ ఫిల్ము కడుగుటానికి నీళ్లు కాగబెట్టే పని లేదు.
మిద్దె మీది ట్యాంకే మందు సీసాలను ఉడకబెడుతది.
ముప్పై ఎనిమిది డిగ్రీలకు దించుటానికి
సోడాల దుకాణం నుంచి మంచుగడ్డ,
స్నానాల గది తలుపు సందులకు నల్లబట్ట.
బయటి నుంచి మా ఆమె: "ఇంకెంతసేపు?"
లోపలి నుంచి నేను: "ఆరు నిమిషాలు."
ఆ ఆరు నిమిషాలను ఆమె ఎన్నడూ నమ్మలేదు.

కొత్తవాడ జంపఖానాలు. సొసైటీ వాళ్ల పని.
ముప్పైఆరు బొమ్మలు, ఢిల్లీల ఎవరికో తెరమీద చూపిస్తరట.
రీలు విప్పి దండేనికి క్లిప్పు పెట్టిన.
తడి మీద పాలు ఒలికినట్టుంటది, అప్పుడేం తెల్వది.
ఆరినంక తెలిసింది, అన్నిటికీ ఒకటే జబ్బు.
తెల్లంచులకు పాచి,
ఎరుపు మీద, గోడ మీద,
వాకిట్ల ఆడే పిల్లల పండ్ల మీద కూడ
ఒక పచ్చజీర.

రంగులు ఉడికించే ఓదెలు దగ్గరికి తీసుకపోయిన.
"పచ్చగొట్టింది" అన్న.
"ఏ పచ్చ?" అన్నడు. "ఆకుదా, పసుపుదా?"
ఇరవై ఏండ్ల సంది కెమెరా పట్టినోన్ని,
ఆ మాట నన్ను నేను అడుగలేదు.
ఆకాశం దిక్కు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి,
"రెండూ కాదు. పెసరుపప్పు కడిగిన నీళ్లుంటయి సూడు, గా పచ్చ.
ఏ నీళ్లు పోస్తవు?"
"బోరు నీళ్లు."
పండ్లు కనబడనియ్యకుండ నవ్విండు.
"సున్నం నీళ్లవి. మా కాగుల గవి పోస్తే ఎరుపు ఇటుకపొడి అయితది.
బాయి మారితే బట్ట మారతది, సారూ."

బ్యాటరీల దుకాణంల డిస్టిల్డ్ వాటర్ రెండు డబ్బాలు.
మందులు మళ్ల కలిపిన, బొమ్మలు మళ్ల తీసిన.
లిట్మస్ కాగితం ముంచుకుంట, సోడా చుక్కలు లెక్కబెట్టుకుంట
నోటుబుక్కుల రాసుకున్న:
మూడు చుక్కలు. ఎక్కువైంది. రెండు.
ఒక ముక్క ఖరాబు. ఇంకో ముక్క ఖరాబు. ఇంకోటి.
చివరికి తెల్లంచు
గంజిపెట్టిన ధోవతి లెక్క తెల్లగొచ్చింది.

ఇరవైమూడో ఫ్రేము తప్ప.

అండ్ల ఓదెలు కాగు మీదికి వంగి ఉన్నడు.
మోచేతుల దాక నీలిజీర.
పుస్తకంల రాసి ఉంటది: మనిషి చర్మం చూసి రంగు దిద్దాలని.
పసుపు జెలటిన్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి
రాత్రి రెండింటి దాక డూప్లికేట్లు తీసిన.
ఐదో కాగితానికి చేతులు చేతుల రంగుకొచ్చినయి.
అప్పుడు పడింది కన్ను వెనుక దండెం మీద:
ఎర్ర జంపఖానా నారింజ తొక్క అయింది,
గోడకు కామెర్లు,
ఆయన తెల్ల మీసం చాయల ముంచి తీసినట్టు.

రెండూ పట్టుకొని పోయిన.
ముందు నేను దిద్దిందాన్నే చూసిండు.
చానసేపు చూసిండు.
"గివి ఎవల చేతులు?" అన్నడు.

నేనేం చెప్పలేదు.
చూపించుటానికి చెయ్యి చాపిండు, నా చేతి పక్కకు.
ఆయన గోర్ల సందుల నీలం,
నా గోర్ల మీద డెవలపరు పట్టిన గోధుమరంగు.
"నిమ్మకాయ రుద్దుతే పోతదా నీది?"
"పోదు."
"నాది గుడ పోదు."

సొసైటీకి ముప్పైఐదే పంపిన.
ఒకటి పాడైందని రాసిన, అబద్ధమే.
అది దిద్దకుండనే ఉన్నది నా దగ్గర,
టేబుల్ సొరుగుల, బటరు కాగితంల.

మా ఆమె మాత్రం
ఇప్పటికీ ఆ గదిల తెల్లబట్ట ఉతకది.