దుబాసీ

తెలావి జిల్లా కోర్టులో నేను దుబాసీని.
అజర్‌బైజానీలో విని జార్జియన్‌లో చెబుతాను.
ఇరవై రెండేళ్లుగా నా నోట్లోంచి వచ్చిన "నేను"ల్లో
ఒక్కటీ నేను కాదు.

ఇంటికొచ్చేసరికి అక్క కొడుకు బద్రి
వంటగది బల్ల మీద పాత ల్యాప్‌టాప్ తెరిచి
దాన్ని తిడుతున్నాడు.
విండోస్‌కి డబ్బుల్లేక లైనక్స్ ఎక్కించాడు.
ఆట మాత్రం విండోస్‌లో పుట్టింది,
దానికి ఇంకో ఊరు తెలీదు.
"మధ్యలో ఒకటి పెట్టాలి లమ్‌జీరా పిన్నీ,
వైన్ అంటారు."
అక్క పగలబడి నవ్వింది.
కొట్టంలో ఏడు బానలు మెడదాకా భూమిలో పాతి ఉన్నాయి,
వీడికింకా వైన్ కావాలట!

అది వేషం వెయ్యదు, అన్నాడు.
ఆట ఏదో అడుగుతుంది:
కిటికీ తెరువు, కాస్త చోటివ్వు, ఈ చప్పుడు వినిపించు.
ఇది విని, అవతలివాడికి అర్థమయ్యేలా అడిగి,
జవాబుని ఆట యాసలోనే తెచ్చిస్తుంది.
సీ డ్రైవ్ అని ఆట నమ్మేది
నిజానికి ఒక మామూలు ఫోల్డర్.
అక్కడ అటు వాలిన గీత
ఇక్కడ ఇటు వాలుతుంది.
నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

సముద్రం వచ్చింది. పడవ వచ్చింది.
ఆకాశం మాత్రం నల్లగా, మాడిన పెనంలా.
గంటన్నర వెతికాడు.
ఆకాశాన్ని దాచిన ఫోల్డర్లు రెండట, పేరు ఒకటే,
ఒకదానికి మొదటి అక్షరం పెద్దది, ఇంకోదానికి చిన్నది.
విండోస్‌కి ఆ ఇద్దరూ ఒక్కరే.
లైనక్స్ లెక్కలో వాళ్లకి చుట్టరికం కూడా లేదు.
మా రాతలో ఆ గొడవే లేదు,
దేవుడి పేరూ మేకపిల్ల పేరూ
ఒకే ఎత్తున మొదలవుతాయి.

పక్కన నల్ల కిటికీలో తెల్ల వరుసలు పరుగెడుతున్నాయి.
ఏమిట్రా అవి?
"వైన్ తనకి రానివన్నీ రాసుకుంటుంది పిన్నీ.
ఇది నాకు తెలీదు, తెలిసినట్టే తలూపాను,
ఎవరైనా బాగుచెయ్యండి, అని."
నిమిషానికి నాలుగు వందలసార్లు.
సిగ్గేమీ లేకుండా.

ఇవాళ పొద్దున గొర్రెల కాపరి ఎల్షాద్
బోనులో నిలబడి ఒక మాట అన్నాడు.
తప్పిపోయి వచ్చిన గొర్రెని
సొంతదారు అడిగేదాకా తన మందలో మేపడానికి
కొండమీది మేతదారుల్లో వాడే మాట.
నా దగ్గర దానికి మాట లేదు.
టైపిస్టు వేళ్లెత్తి ఆగింది.
జడ్జి గడియారం చూశాడు.
"తీసుకున్నాను" అన్నాను,
అతని నోటితో.

"దొరికింది!" అని బద్రి రెండు ఫోల్డర్లనీ కలిపేశాడు.
ఆకాశం వచ్చింది,
మధ్యాహ్నపుది, కావలసినదానికన్నా కొంచెం నీలంగా.
తను ఎవరి రేవులో ఉందో పడవకి తెలీదు,
సాగిపోతోంది.

తీర్పు గురువారం.
బద్రి పక్కనే కాగితం పరిచి రాశాను:
మూడో పేజీ, పదకొండో వరుస.
ఈ మాట నాకు రాదు.
వచ్చినట్టే తలూపాను.

ఎవరికే ఉత్తరం, అంది అక్క గిన్నెలు తుడుస్తూ.
జడ్జికి.
చదువుతాడా?
తెలీదు.
ఆ గొర్రె ఇప్పుడెక్కడుంది, అంది.

కోర్టులో ఎవరూ అడగలేదు.