పన్నెండోది

పలకలు పన్నెండు కొంది పల్లాలమ్మ.
గాజులైనా గుడ్లైనా
ఆవిడ చేతికి డజనే అలవాటు.

అంబాజీపేట దాటాక, కాలువ గట్టు పక్కన
పీచు మిల్లు రేకుల మీద
నేనూ ఏసుపాదమూ ఇంకా నట్లు బిగిస్తుండగానే
కింద నుంచి కేక:
"పన్నెండూ ఒకే దండలో గుచ్చెయ్యండి, ఆయ్!"

మేం స్ట్రింగ్ అంటాం. ఆవిడ దండ అంది.
ఆ మాటే ఉంచుకున్నాను.

చదివింది ఐదే. అంకెల దగ్గర మాత్రం తడబడదు.
పలక వీపున ఉన్న చీటీ చూసి లెక్క కట్టింది:
ఒక్కోటి నలభై తొమ్మిదిన్నర ఓల్టులు,
పన్నెండింటికి ఐదొందల తొంభై నాలుగు.
ఇన్వర్టరు నుదుట రాసి ఉంది, ఆరొందలు దాటరాదని.
"ఇంకా ఆరు మిగిలింది కదండీ" అని నవ్వింది,
సంతలో చిల్లర లెక్కపెట్టుకున్నట్టు.

ఆ చీటీ ఇరవై ఐదు డిగ్రీల దగ్గర రాసింది పల్లాలమ్మా.
నీ రేకుల మీద
ఇరవై ఐదు ఎన్ని రోజులుంటుంది?

ఎలా చెప్పాలో తెలీలేదు.
ఎండనే తిని బతికే పలక
ఎండ ముదిరితే నీరసిస్తుందని,
చలి తగిలితే ఒళ్ళు బిగించి
ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని.
పుష్యమాసంలో ఓ తెల్లవారి
కొబ్బరాకుల కొసల నుంచి మంచు కారుతుండగానే
తొలి ఎండ నేరుగా పడే ఆ కాసేపే
ఏడాది మొత్తానికీ దాని పొగరు.
పదిహేను డిగ్రీలనుకో,
నీ పన్నెండూ కలిసి ఆరొందల పది.
పదే ఎక్కువ. కానీ పెట్టెకి బేరం తెలీదు.

రెండేళ్ళ కిందట ఓ ఐసు ఫ్యాక్టరీలో
తెల్లారి తలుపు తీస్తే కమురు వాసన.
ఆ దండ గుచ్చింది నేనే.
ఈ సంగతి పల్లాలమ్మకి చెప్పలేదు,
ఏసుపాదం నా వైపు చూసి, శ్రావణం జేబులో పెట్టుకుని
ఊరుకున్నాడు.

ఆవిడ రాట్నం దగ్గరికి పోయి
సగం పేనిన తాడు కొస పట్టుకుని నిలబడింది.
కాసేపటికి తనే అంది:
"ఎండలో బిగించి కట్టిన పడవ
వానొస్తే గూటం పీక్కుంటాదండి.
తడిస్తే తాడు కురచవుద్ది కదా.
అందుకే మూరెడు వదిలి కడతాం."

అదేనమ్మా. నేను చెప్పాలనుకున్నది అదే.
ఇన్నాళ్ళూ సూత్రం కాగితం మీద గీస్తూ తిరిగాను,
ఆ మూరెడు నాకు దొరకలేదు.

పదకొండు గుచ్చాం.

పుష్యంలో నేను వెళ్ళేసరికి
శాలువా చెవుల మీదుగా బిగించి
అప్పటికే పెట్టె ముందు కూర్చుని ఉంది.
తెర మీద ఐదొందల యాభై ఎనిమిది.
పన్నెండుంటే ఎంతో వేళ్ళ మీద లెక్కేసి
ఏమీ అనలేదు. టీ తెప్పించింది.

రోహిణి కార్తెలో ఫోను.
"మూడొందల ఎనభై నాలుగేనండీ చూపిత్తంది!
ఇప్పుడు ఆ పన్నెండోది తగిలించెయ్యనా?"
వెనక మిల్లు చప్పుడు, పీచు దుమ్ముకి ఎవరిదో దగ్గు.
రెండొందలకి కిందికి పోనంతవరకూ
పెట్టె మేలుకునే ఉంటుందన్నాను.
ఎండ చూసి కట్టకమ్మా,
ఆ ఒక్క తెల్లవారి కోసం కట్టాం.
"మరేలెండి" అంది. పెట్టేసింది.

పన్నెండోది ఎక్కడుందో వెళ్ళి చూశాను.
నాలుగు సరుగుడు కర్రల మీద, ఏ తీగా లేకుండా.
దాని కింద రాట్నం తిప్పే లోవరాజు,
వీపు మీద నలుచదరపు నీడ,
చేతిలోంచి తాడు
వెనక్కి వెనక్కి నడుస్తూ పొడుగవుతోంది.