బెల్టు ఆగిన రాత్రి

ఆషాడంలో ఒక రాత్రి బెల్టు ఆగిపోయింది.
చిత్తూరు నుంచి తవణంపల్లె పోయే దావ పొడుగునా
తోతాపురి లోడ్లు, ట్రాక్టర్ల మీదనే చెమర్చుకుంటా.
ముప్పై రెండుమంది ఆడోళ్లం
గ్లౌజులు ఊడబెరికి టెంకల గుట్ట పక్కన కూలబడితిమి.

మిషను ఇటలీది.
దాన్ని బాగుచేసేదానికి ఇటలీ నుంచే ఒకాయన దిగినాడు.
పేరు ఎన్‌జో అంట.
సాయంత్రానికల్లా మా నోట్లో ఎంజయ్య అయినాడు.
బట్టతల, మెడలో తువ్వాలు,
మొదటి దినమే మా మేస్త్రీని బీడీ అడిగినాడు.
మిషను కింద దూరేటప్పుడు
స్పానరుతో పాటు ఒక పాటను గూడా లోపలికి తీసుకుపోయినాడు.

మొదట నవ్వొచ్చింది.
ఎవురినో పొడస్తా ఉండారే, అనింది సుగుణ.
సంతలో దూడ తప్పిపోయినట్టుంది, అంటిని నేను.

తర్వాత ఏమయిందో సరిగ్గా చెప్పలేను.
ఆ ఆడమనిషి గొంతు ఒక మెట్టెక్కింది.
ఆగుతుందిలే అనుకుంటి. ఇంకొకటెక్కింది.
పైన మెట్లు లేవు, రేకుల కప్పు కనిపిస్తానే ఉంది,
అయినా ఎక్కింది.
అక్కడ నిలబడి కిందికి చూసి
అప్పుడు వదిలింది ఊపిరి.
నేనూ బిగబట్టుకోనుంటినని
వదిలినాకనే తెలిసింది.
చేతిలో టీ మీద మీగడ కట్టింది.

యాభై తొమ్మిదేండ్లు నాకు.
ఈ చెవులతో విన్నదల్లా
సైరను, బాయిలరు, మేస్త్రీ తిట్లు,
పిల్లోళ్ల ఏడుపులో ఆకలిదేదో దొంగదేదో, అంతే.

మాట ఒక్కటీ తెలీదు గదా,
సైగ చేసి అడిగితి: ఏమయింది ఆమెకి?
ఎంజయ్య గ్రీజు వేలితో గొంతు కోసుకున్నాడు.
చచ్చిపోతా ఉందా?
తలూపినాడు. వాచీ చూపించినాడు.
అరచేయి మూడుసార్లు తెరిచి మూసినాడు.
ఇంకా పదిహేను నిమిషాలు పాడి, అప్పుడు.

నవ్వు ఆగలేదు నాకు. ఆ నవ్వు ఎనకనే ఇంకేదో.
మా భారతం మిట్టలో దుర్యోధనుడు
తొడ విరిగినాక గదా అసలు గొంతెత్తేది!
పద్దెనిమిది దినాలు, ఏటేటా, నలభై ఏండ్లు పోయినా.
నలభై ఏండ్లూ బొరుగుల మూట తలకింద పెట్టుకోని
తెల్లారేదాకా నిద్రపోయినా.
పొద్దన్నే కలుపుకి పోవాల గదా.
చెవులు గూడా పనికే పోయుండె.

పదకొండో దినం బెల్టు కదిలింది.
ఎంజయ్య చెన్నైకి కారెక్కినాడు.
పోయేముందు ల్యాబు పిల్లోడు జయచంద్ర చేత
నా ఫోన్లో ఏవేవో పెట్టించినాడు.
పేర్లు నాకు నోరు తిరగవు. నా పేర్లు నేను పెట్టుకున్నా:
టెంకల గుట్ట పాట.
పదిహేను నిమిషాల చావు.
లావు మొగోడు ఏడ్చేది.
ఇంకొకటుంది, అందులో మొగుడూ పెండ్లాం
ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు,
ఐనా ఒకరిదొకరు వింటారు.
నిజంగా మొగుడూ పెండ్లామో కాదో. నాకట్ల అనిపించింది.

మా ఇంటాయన పొన్నుస్వామి
ముసిలిదానికి గాలి సోకిందని దుప్పటి ముసుగేసేవోడు.
కార్తీకంలో ఒక రాత్రి, చార్జి అయిపోయి ఫోను ఆరిపోతే,
ముసుగులో నుంచే అడిగినాడు:
"ఏమే, ఆమె ఇయ్యాల చావలేదా?"

ఈ ఏడు భారతానికి పోతిమి.
బొరుగులు తీసుకుపోయినా, తలకింద పెట్టుకోలేదు.
ద్రౌపది ఏసినోడు చెంగల్రాయుడు, గానుగ కాడ పనిచేస్తాడు,
అరవై దాటినోడు, మీసాలు గొరిగిన చోట చెమట.
సభలో జుట్టు విరబోసి
పద్యం పైకి లాగుతా ఉండాడు, లాగుతానే ఉండాడు.
చుట్టూ చాపల మీద గురకలు.
బొరుగులు నోట్లోనే పెట్టుకోని
ఆ ముసిలోడు ఊపిరి యాడ తీసుకుంటాడో
రెప్పెయ్యకుండా చూస్తా ఉన్నా.